ఇంటి నుంచి పనిచేసే మెడికల్ కోడర్ చదువు ఆగిపోకుండా ఉండాలంటే

ఆఫీసులో ఉన్నన్నాళ్లూ మెడికల్ కోడర్‌కి, అంటే డాక్టర్ నోట్స్ చదివి వాటికి కోడ్‌లు వేసే మనిషికి, సగం చదువు పక్క కుర్చీలోంచే వస్తుంది. "సెప్సిస్ అని రాశాడు, కింద కిడ్నీ ఫెయిల్యూర్ కూడా ఉంది, ఆర్65.20 పడుతుందా?" అని ఒకరు అడుగుతారు. ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతిన్నప్పుడు వేసే కోడ్ అది. ఇద్దరు పడుతుందంటారు, ఒకరు డాక్టర్‌కి క్వెరీ (రాతలో ప్రశ్న) పెట్టాలంటారు, ఆఖరికి ఎవరో గైడ్‌లైన్స్, అంటే కోడింగ్ నియమాలు, తెరుస్తారు. ఆ గొడవలో నలుగురూ నేర్చుకుంటారు. ఇంటికొచ్చాక పక్క కుర్చీ ఉండదు. టీమ్ చాట్‌లో అడుగుదామంటే మొహమాటం, ఇది కూడా తెలీదా అనుకుంటారేమోనని. ఎన్‌కోడర్ (కోడ్‌లు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) ఏదో ఒక కోడ్ చూపిస్తుంది, టార్గెట్ తరుముతూ ఉంటుంది, అదే వేసి సబ్మిట్ కొట్టేస్తారు.

నేను ఖమ్మంలో మా ఇంట్లో కూర్చుని ఒక హైదరాబాద్ కంపెనీకి ఆడిటర్‌గా పనిచేస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్ ఇచ్చి ఇంటికి పంపారు, అలాగే ఉండిపోయాం. బీఫార్మసీ చదివి ఎమర్జెన్సీ చార్టులతో (పేషెంట్ రికార్డులతో) మొదలుపెట్టాను, తర్వాత హెచ్‌సీసీ (పేషెంట్ జబ్బుల బరువుని బట్టి ఇన్సూరెన్స్ చెల్లింపు లెక్కకట్టే పద్ధతి) చేశాను, ఇప్పుడు వేరేవాళ్లు చేసిన చార్టుల్లో తప్పులు వెతకడమే నా పని. నా ముందుకొచ్చే తప్పుల్లో తెలివి చాలక వచ్చినవి తక్కువ. పోయినేడు రూలు ఈ ఏడు కూడా నడుస్తుందనుకుని వేసినవే ఎక్కువ. ఇంటి నుంచి చేసేవాళ్లలో ఇది మరీ కనిపిస్తుంది, ఎందుకంటే రూలు మారిందని వాళ్లకి చెప్పేవాళ్లు పక్కన లేరు.

ఈ ఫీల్డ్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన నోట్స్ చదివి, జబ్బుకి ఐసీడీ కోడ్, చేసిన పనికి సీపీటీ కోడ్ వేస్తాం. ఇన్సూరెన్స్ డబ్బులు వాటి మీదే వస్తాయి. కోడ్ తప్పితే క్లెయిమ్ తిరిగొస్తుంది.

ముందు క్యాలెండర్

కొత్త ఏడాది డైరీ రాగానే అందరూ పండగలు చూసుకుంటారు. మీరు రెండు తారీఖులు గుర్తు పెట్టుకోండి. అక్టోబర్ 1న ఐసీడీ-10-సీఎం మారుతుంది, జనవరి 1న సీపీటీ మారుతుంది. ఏప్రిల్ 1న కూడా ఐసీడీలో చిన్న మార్పులు ఉండొచ్చు. మార్పులంటే ఊరికే నాలుగు కోడ్‌లు చేరడం కాదు. 2021 అక్టోబర్ 1న నడుంనొప్పి కోడ్ ఎం54.5 విడిపోయి ఎం54.50, ఎం54.51, ఎం54.59 అయింది. దగ్గు ఆర్05 కూడా అదే రోజు అక్యూట్, సబ్అక్యూట్, క్రానిక్ అంటూ విడిపోయింది. చేతికి అలవాటైన కోడ్ రాత్రికి రాత్రి చెల్లకుండా పోయింది. ఇలాంటివి సిస్టమే ఆపుతుంది కాబట్టి ప్రమాదం తక్కువ. కోడ్ అలాగే ఉండి దాన్ని వేసే పద్ధతి మారినప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ కేక పెట్టదు. 2023 జనవరి 1కి ముందు ఈడీ లెవెల్, అంటే ఎమర్జెన్సీ విజిట్ ఎంత క్లిష్టమో చెప్పే కోడ్, వేయాలంటే హిస్టరీ, ఎగ్జామ్ పాయింట్లు లెక్కపెట్టేవాళ్లం. ఆ రోజు నుంచి 99282 మొదలు 99285 వరకు మెడికల్ డెసిషన్ మేకింగ్ (డాక్టర్ తీసుకున్న నిర్ణయం ఎంత క్లిష్టమైంది) ఒక్కటే లెక్క. కోడ్ నంబర్లు అవే. అందుకే ఆ ఏడాది నాలుగైదు నెలల దాకా పాత అలవాటుతో వేసిన లెవెల్స్ నా చేతికి వస్తూనే ఉన్నాయి.

హెచ్‌సీసీ చేసేవాళ్లకి ఇంకా పెద్ద మార్పు వచ్చింది. వీ24 మోడల్ నుంచి వీ28కి మూడేళ్ల మీద మార్చారు. 2024 చెల్లింపుల్లో మూడోవంతు, 2025లో మూడింట రెండొంతులు, 2026లో పూర్తిగా వీ28. ఐ73.9, అంటే పెరిఫెరల్ వాస్కులర్ డిసీజ్ అన్‌స్పెసిఫైడ్, పాత మోడల్‌లో హెచ్‌సీసీ 108 కింద లెక్కకొచ్చేది, కొత్తదాంట్లో లేదు. పాత లిస్టు కంఠస్థం చేసినవాళ్లు దాన్ని చూడగానే ఎగిరి పట్టుకుంటారు. లెక్కకొచ్చే అసలైన కోడ్ పక్కనే ఉంటే వదిలేస్తారు.

కాబట్టి సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లో వేరే కోర్సు ఏదీ పెట్టుకోకండి. ఆ రెండు నెలలు మార్పులకే. సెప్టెంబర్‌లో చేయాల్సిన పని ఒకటే: ఐసీడీ-10-సీఎం అఫీషియల్ గైడ్‌లైన్స్ కొత్త పీడీఎఫ్ దించుకోవడం. సీఎంఎస్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా నడిపే సంస్థ) సైట్‌లో, సీడీసీ (అక్కడి ప్రజారోగ్య సంస్థ) సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, సుమారు నూటిరవై పేజీలు ఉంటుంది. మారిన వాక్యాలు అందులో బోల్డ్‌లో ఉంటాయి. మొత్తం చదవక్కర్లేదు, బోల్డ్ ముక్కలు వెతికి, మీ స్పెషాలిటీకి తగిలేవి మీ మాటల్లో ఒక పేజీ రాసుకోండి. తెలుగులో రాసుకుంటే ఇంకా మంచిది, అర్థం కాని చోట చెయ్యి తెలుగులో ఆగిపోతుంది. ఇంగ్లిష్‌లో అయితే అర్థం కాకపోయినా ఎత్తి రాసేస్తాం. ఈ పని ఎవరో యూట్యూబ్‌లో చెప్పింది వినడంతో అయ్యేది కాదు. వినండి, కానీ ముందు పీడీఎఫ్.

మీ సిలబస్ మీ ఎర్రర్ షీట్‌లోనే ఉంది

ఏ కోర్సు చేయమంటారక్కా అని జూనియర్లు అడిగితే, ముందు పోయిన మూడు నెలల ఆడిట్ షీట్లు బయటికి తీయమంటాను. క్వాలిటీ 95 శాతం దాటితే చాలామంది ఆ షీట్ తెరవరు. మిగతా ఐదు శాతంలోనే మీకు రానిదంతా ఉంది, అదీ మీ పేరుతో, ఉచితంగా.

ఒక తప్పుని ఎలా చదవాలో చూపిస్తాను. డాక్టర్ అసెస్‌మెంట్‌లో "టైప్ 2 డయాబెటిస్" అని రాశాడు. రెండు లైన్ల కింద "సీకేడీ స్టేజ్ 3ఏ" అని రాశాడు. సీకేడీ అంటే క్రానిక్ కిడ్నీ డిసీజ్. ఒకదాని వల్ల ఇంకొకటి వచ్చిందని ఎక్కడా లేదు. కోడర్ ఈ11.9 (వేరే చిక్కుల్లేని డయాబెటిస్), ఎన్18.31 (ఆ కిడ్నీ జబ్బు) వేశారు, ఆడిట్‌లో ఎర్రర్ పడింది. ఎందుకంటే గైడ్‌లైన్స్ సెక్షన్ ఒకటి-ఏ-15లో "విత్" గురించి ఒక నియమం ఉంది. ఇండెక్స్‌లో డయాబెటిస్ దగ్గర "విత్" కింద క్రానిక్ కిడ్నీ డిసీజ్ ఉంది కాబట్టి, సంబంధం లేదని డాక్టర్ స్పష్టంగా రాస్తే తప్ప, రెండిటికీ సంబంధం ఉన్నట్టే తీసుకోవాలి. సరైన జవాబు ఈ11.22 (కిడ్నీ జబ్బుతో కూడిన డయాబెటిస్), దాని వెనక ఎన్18.31.

ఇప్పుడు నోట్ రాసుకోవాలి. చాలామంది "డయాబెటిస్ ప్లస్ సీకేడీ అంటే ఈ11.22" అని రాస్తారు. అది ఆ ఒక్క చార్టుకే పనికొస్తుంది. మీరు ఇలా రాయండి: "డాక్టర్ లింక్ రాయకపోయినా ఎప్పుడు కలపాలి? ఎప్పుడు కలపకూడదు?" పేజీ వెనక జవాబు, సెక్షన్ నంబర్. రేపు హైపర్‌టెన్షన్, సీకేడీ రెండూ ఉన్న చార్టు వస్తే ఇదే ప్రశ్న మిమ్మల్ని ఐ12.9 దగ్గరికి తీసుకెళ్తుంది. వారం పోయాక వెనక్కి తిప్పకుండా ప్రశ్నకి జవాబు చెప్పి చూడండి, నెల పోయాక మళ్లీ. చదివిందే పదిసార్లు చదివితే తెలిసినట్టే అనిపిస్తుంది. మూసిపెట్టి చెప్పబోతేనే ఎంత తెలుసో బయటపడుతుంది.

ఒక హెచ్చరిక. ఈ నోట్స్‌లో పేషెంట్ వివరం ఒక్కటి కూడా ఉండకూడదు. హిపా, అంటే పేషెంట్ వివరాల గోప్యత కోసం ఉన్న అమెరికా చట్టం, 18 రకాల గుర్తింపు వివరాలు చెబుతుంది: పేరు, రికార్డు నంబర్, పుట్టిన తేదీ, అడ్మిషన్ తేదీ, ఇలా. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి "తర్వాత చూద్దాంలే" అనుకోవడం నేరుగా ఉద్యోగం మీదికి తెస్తుంది. చార్టు మూసేశాక, గుర్తున్నంత మేరకు, మీ మాటల్లో రాయండి. నోట్‌కి కావాల్సింది ఆ సందర్భమే, ఆ మనిషి కాదు.

ఎర్రర్ తప్పుగా పడిందనిపిస్తే రిబట్టల్ (రాతలో అభ్యంతరం) పెట్టండి. మా క్వాలిటీ వాళ్లకి కోపం వస్తుందని భయం వద్దు. "నేను అలా అనుకోవట్లేదు" అని వస్తే మాత్రం నేను రెండో లైన్ చదవను. "సెక్షన్ నాలుగు-హెచ్ ప్రకారం అవుట్‌పేషెంట్‌లో ప్రోబబుల్ అని రాసినదాన్ని కోడ్ చేయకూడదు, అందుకే లక్షణాలు కోడ్ చేశాను" అని వస్తే కుర్చీలో సర్దుకుని కూర్చుంటాను. అన్నట్టు, ఈ నియమం అవుట్‌పేషెంట్ నుంచి ఇన్‌పేషెంట్‌కి మారినవాళ్లందరినీ ముంచుతుంది. అదే "ప్రోబబుల్ న్యుమోనియా" అని డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటే ఇన్‌పేషెంట్‌లో న్యుమోనియా ఉన్నట్టే కోడ్ చేయాలి, సెక్షన్ రెండు-హెచ్. గెలిచినా ఓడినా, ఒక రిబట్టల్ రాయడానికి చదివింది ఒక వెబినార్‌లో విన్నదానికంటే ఎక్కువకాలం ఉంటుంది.

ఎప్పుడు చదవాలి, ఎక్కడ కూర్చోవాలి

షిఫ్ట్ అయ్యాక చదువుదాం అనుకుంటే జరగదు. తొమ్మిది గంటలు స్క్రీన్ చూసిన కళ్లు ఇంకో స్క్రీన్‌ని ఒప్పుకోవు. లాగిన్‌కి ముందు ముప్పావు గంట పెట్టుకోండి. ఆఫీసుకి వెళ్లే రోజుల్లో బస్సులో, ట్రాఫిక్‌లో పోయిన సమయమే కదా అది.

ఇంట్లోవాళ్ల సంగతి వేరే చెప్పాలి. మా అత్తయ్య మంచి మనిషే, కానీ లాప్‌టాప్ మూసి పుస్తకం పట్టుకుంటే ఆవిడ లెక్కలో నేను ఖాళీ. "ఇంట్లోనేగా ఉన్నావు, గ్యాస్ అబ్బాయొస్తే సిలిండర్ తీసుకోమ్మా" అనేవారు. చదువుకుంటున్నా అత్తయ్యా అంటే, "ఇప్పుడేం చదువే, ఉద్యోగం వచ్చేసిందిగా!" పేచీ పెట్టుకుని లాభం లేదు. నా షిఫ్ట్ తొమ్మిదికి కాదు, ఎనిమిదింబావుకి మొదలవుతుందని చెప్పాను. అబద్ధమేం కాదు. కోడింగ్ సర్టిఫికెట్ పోతే షిఫ్టే ఉండదు.

చోటు మార్చడం మీ ఇష్టం కాదు, తప్పనిసరి. కంపెనీ లాప్‌టాప్‌లో బయటి సైట్లు తెరుచుకోవు, వర్క్ టేబుల్ మీద ఫోన్, పెన్ను, కాగితం ఉండకూడదనే రూలు చాలా కంపెనీల్లో ఇంటికి కూడా వర్తిస్తుంది. అందుకే చదువు వేరే గదిలో, వేరే బల్ల మీద. నాకు డైనింగ్ టేబుల్ చివర, కిటికీ వైపు. ఇంటర్నెట్ లేకుండా కూర్చోండి. కరెంటు పోయినా కుంటుపడకుండా కాగితం మీద ఉండాలి. పాత ఏడాది ఐసీడీ పుస్తకం ఎవరైనా సీనియర్ దగ్గర సగం ధరకి, ఒక్కోసారి ఊరికే దొరుకుతుంది. ఇండెక్స్‌లో వెతకడం, అక్కణ్నుంచి టాబ్యులర్‌కి (కోడ్‌ల వరుస జాబితాకి) వెళ్లడం, ఆ కోడ్ కింద ఏవి రావో చెప్పే ఎక్స్‌క్లూడ్స్ నోట్ చదవడం, ఈ అలవాటు చెడిపోకుండా ఉండటానికి పాత పుస్తకం చాలు. ఎన్‌కోడర్ చేతిలో ఉంటే వేళ్లకి బద్ధకం వస్తుంది. సీపీసీ (కోడర్ల సర్టిఫికెట్) పరీక్షేమో పుస్తకాలతో రాయాలి, నాలుగు గంటల్లో 100 ప్రశ్నలు, పాసవ్వాలంటే 70 శాతం. రెండేళ్లు ఎన్‌కోడర్ మీద పనిచేసినవాళ్లు అక్కడ జవాబు తెలిసి కూడా టైమ్ చాలక పోతారు. పరీక్షకి మాత్రం పాత పుస్తకం పనికిరాదు, ఆ ఏడాదివే కొనాలి.

పక్క కుర్చీకి బదులు

ముగ్గురు చాలు. నలుగురైతే ఒకరు మ్యూట్‌లో నిద్రపోతారు. ఆదివారం పొద్దున్న మేం గూగుల్ మీట్‌లో కలుస్తాం, ఒకరు వరంగల్, ఒకరు కాకినాడ. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లు, అక్కా అంటారు కానీ మొహమాటం లేకుండా దెబ్బలాడతారు. అసలైన చార్టులు తేకూడదు, ఊహించి రాసిన కేసే తేవాలి. ఎవరు ఏ జవాబు చెప్పినా "ఏ సెక్షన్‌లో ఉంది?" అని అడగాలి. "మా కంపెనీలో ఇలాగే చేస్తాం" అన్నది జవాబు కింద లెక్క కాదు. ఒక క్లయింట్ పెట్టుకున్న రూలు ఇంకో క్లయింట్ దగ్గర ఎర్రర్ అవుతుంది. ఆ తేడా తెలియకుండా ఐదేళ్లు పనిచేసినవాళ్లు ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

సీఈయూల సంగతి

ఏఏపీసీ (కోడర్లకి సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ) వాళ్ల సీపీసీ ఒక్కటే ఉంటే రెండేళ్లకి 36 సీఈయూలు, అంటే సర్టిఫికెట్ నిలబెట్టుకోవడానికి చదివి చూపాల్సిన క్రెడిట్లు, కావాలి. సుమారుగా ఒక గంట క్లాసుకి ఒక సీఈయూ. నెలకి ఒకటిన్నర గంట పడుతుంది, అంతే. కానీ జరిగేదేమిటంటే రెన్యువల్ నెలలో టెన్షన్, ఏదో ప్యాకేజీ కొనడం, వీడియో ఒక ట్యాబ్‌లో పెట్టి మరో ట్యాబ్‌లో సీరియల్ చూడటం. చేతికి సర్టిఫికెట్ వస్తుంది, బుర్రకేం రాదు, డబ్బులు మాత్రం పోతాయి.

లైవ్ వెబినార్లు చాలావరకు అమెరికా మధ్యాహ్నం పెడతారు. వాళ్ల తూర్పు తీరంలో మధ్యాహ్నం ఒంటిగంట అంటే మనకి ఎండాకాలంలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. నవంబర్ మొదటి ఆదివారం, మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం మారుస్తారు కాబట్టి ఆ వారాల్లో టైమ్ మళ్లీ చూసుకోండి. నిద్ర చెడగొట్టుకుని లైవ్ చూడటం నాకు నచ్చదు. రికార్డింగ్‌కి కూడా సీఈయూ ఇచ్చేవి ఎంచుకోండి. ఏదైనా కట్టే ముందు ఆ క్లాసుకి ఏఏపీసీ ఇచ్చిన ఇండెక్స్ నంబర్ ఉందో లేదో అడగండి. నంబర్ చెప్పకుండా "వాలిడే మేడమ్, మా స్టూడెంట్లంతా పెట్టుకున్నారు" అంటే ఫోన్ పెట్టేయండి. సర్టిఫికెట్ వచ్చిన రోజే ట్రాకర్‌లో ఎక్కించి, పీడీఎఫ్ మీ సొంత మెయిల్‌కి పంపుకోండి. ఆఫీస్ మెయిల్‌లో దాచుకుంటే ఉద్యోగం మారిన రోజున అన్నీ పోతాయి.

సీఈయూ కోసం కాకుండా నిజంగా నేర్చుకోవడానికైతే సీఎంఎస్ వాళ్ల మెడికేర్ లెర్నింగ్ నెట్‌వర్క్ ఉచితం. ఎన్‌సీసీఐ పాలసీ మాన్యువల్ కూడా వాళ్ల సైట్‌లోనే ఉచితంగా ఉంది. రెండు సీపీటీలు కలిపి ఎందుకు వేయకూడదో, మాడిఫయర్ 59 (రెండు పనులూ వేర్వేరని చెప్పే గుర్తు) ఎప్పుడు న్యాయమో అందులో రాసి ఉంటుంది. పైసా ఖర్చులేని ఈ పుస్తకాన్ని చదివిన కోడర్ నాకు అరుదుగా కనిపిస్తారు. సర్జరీ కోడింగ్ చేసేవాళ్లు దీన్నే ముందు పట్టుకోండి.

తర్వాతి మెట్టు

ఒకే స్పెషాలిటీలో ఏళ్లతరబడి ఉండటం ఇంట్లో చాలా సుఖంగా ఉంటుంది. చెయ్యి అదే పరిగెడుతుంది, టార్గెట్ మధ్యాహ్నానికే అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ ముందుగా లాక్కునేది కూడా అలాంటి పనినే. ఒకే రకం రిపోర్టులు, చిన్న నోట్స్. నా అభిప్రాయం ఏమిటంటే అవుట్‌పేషెంట్ చేసేవాళ్లు ఇన్‌పేషెంట్ వైపు గానీ, డినయల్స్ (ఇన్సూరెన్స్ కాదన్న క్లెయిమ్‌లు) వైపు గానీ జరగాలి. ఈ రెండింట్లోనూ "ఎందుకు" అన్నదే పని. ఇన్‌పేషెంట్‌కి వెళ్లాలంటే కోడ్‌ల కంటే ముందు జబ్బులు చదవాలి. డిగ్రీలో పాసై వదిలేసిన ఫిజియాలజీ, ఫార్మకాలజీ మళ్లీ తీయండి. సోడియం ఎంతుంది, క్రియాటినిన్ ఎంత పెరిగింది, ఈ యాంటీబయాటిక్ ఎందుకు మొదలుపెట్టారు, ఇవి చదవడం వస్తేనే డాక్టర్‌కి ఎక్కడ క్వెరీ పెట్టాలో తెలుస్తుంది.

రిపోర్టులు, డేటా వైపు వెళ్లాలనుకునేవాళ్లకి కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు స్వయం, ఎన్‌పీటీఈఎల్ ఉన్నాయి. చేరడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులుంటాయి. ప్రతి వారం అసైన్‌మెంట్ ఉంటుంది, అసైన్‌మెంట్లకి 25 మార్కులు, పరీక్షకి 75. పరీక్ష మాత్రం ఇంట్లో రాసేది కాదు, సెంటర్‌కి వెళ్లాలి, సెలవు ముందే అడిగి పెట్టుకోండి. మొదటిసారి నాలుగు వారాలదే తీసుకోండి.

డిగ్రీయే కావాలనుకుంటే, మేనేజర్ పోస్టుకి ఎంబీఏ అడుగుతున్నారని, దూరవిద్యలో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఇగ్నో ఉండనే ఉన్నాయి. మొదటిది 1982లో మొదలైంది, హైదరాబాద్‌లోనే ఉంది. ప్రైవేటు ఆన్‌లైన్ డిగ్రీ అయితే యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, ఆ కోర్సు పేరు, ఆ విద్యాసంవత్సరం మూడూ ఉన్నాయో లేదో చూడండి. యూనివర్సిటీకి అనుమతి ఉండి కోర్సుకి లేకపోవచ్చు. ఫోన్ చేసే కౌన్సెలర్ ఈ సంగతి తనంతట తాను చెప్పడు.

ఫీజు కంపెనీ భరిస్తుందా అని టీమ్ లీడర్‌ని కాదు, హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి. చాలాచోట్ల పరీక్ష పాసయ్యాక తిరిగి ఇస్తారు, దానికి బాండ్ ఉంటుంది. సంతకం పెట్టే ముందు మూడు లైన్లు చూడండి. ఎన్నాళ్లు ఉండాలి, మధ్యలో మానేస్తే మొత్తం కట్టాలా లేక మిగిలిన నెలలకే కట్టాలా, ఫెయిలైతే ఎవరి డబ్బు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టమంటే మాత్రం, ఫీజు మీరే కట్టుకోండి.